తెర దాటని ఎరుపు

ఆయన పోయాడని ఫోనొచ్చేసరికి నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. తాలింపు మాడనివ్వలేదు. ఆవాలు చిటపటలాడేదాకా ఆగి, ఎండుమిరపకాయలు తుంచి వేసి, పప్పులో కలిపి, మూత పెట్టి, అప్పుడు అడిగాను "ఎప్పుడు?" అని. అవతల ఫోన్లో నాతో పాటు ల్యాబులో పనిచేసిన అక్క. ఏడుస్తోంది. ఎవరు పోయినా ఏడ్చే మనిషి ఆమె.

"పొద్దున్నే గుండెలో నొప్పన్నాడంట. ఆస్పత్రికి తీస్కపోయే లోపలే పోయినాడంట. ఎంత చెడ్డా మనకు జీతమిచ్చిన మనిషి గదా పాపా. పోయి రావాల."

"ఎంత చెడ్డా" అనే మాట ఆ అక్క నోటినుంచి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి, ఆయన ఎలాంటివాడో.

నాకు ఏడుపు రాలేదు. సంతోషం కూడా రాలేదు, రావలసింది. కోపం వచ్చింది. ఒక్కసారైనా ఎదురుగా నిలబెట్టి కడిగేయాలని ఇన్నేళ్లుగా అనుకుంటుంటే, హాయిగా జారుకున్నాడే అని.

ఆయన మార్కాపురంలో సర్కారు కాంట్రాక్టు మీద నడిచే ఒక ప్రైవేటు నీళ్ల ల్యాబుకు ఇన్‌ఛార్జి. చుట్టుపక్కల పల్లెల బోర్ల నీళ్లు సీసాల్లో మా దగ్గరికి వచ్చేవి. మా వైపు నేలలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, తాగడానికీ బాగుంటాయి. పసిపిల్లలు ఏళ్ల తరబడి తాగితే మాత్రం వాళ్లకు వచ్చే పళ్లు గోధుమరంగు చారలతో వస్తాయి. పెద్దవాళ్లకు మెడలూ మోకాళ్లూ బిగుసుకుపోతాయి. ఏ బోరు తాగొచ్చో, ఏది తాగకూడదో తేల్చి పల్లెకు చెప్పడమే ల్యాబు పని. అక్క నీళ్లు పరీక్ష చేసేది. నేను గిద్దలూరులో కంప్యూటర్ డిగ్రీ చేసి వచ్చి, అక్క ఇచ్చిన అంకెలు ఎక్కించి ఫలితం తీసే ప్రోగ్రాం రాశాను. బొమ్మలూ బటన్లూ ఏమీ లేని ప్రోగ్రాం. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఊరి పేరు కొడితే బోర్లన్నీ కిందికి వరసగా పడేవి. ఒక్కో బోరు పక్కన దాని అంకె, అంకె పక్కన ఒక మాట. లీటరు నీళ్లలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే 'తాగరాదు', లోపల ఉంటే 'తాగవచ్చు'.

ఆయనది బట్టల దుకాణం కుటుంబం. దుకాణాన్ని అన్నదమ్ములకు వదిలేసి ఇటు వచ్చాడు కానీ చూపు గుడ్డల దగ్గరే ఉండిపోయింది. తాను మాత్రం ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. అక్క కొత్త చీర కట్టుకొస్తే, "ఇది రెండు ఉతుకులకు దిగిపోతదమ్మా" అని ముఖం మీదే అనేవాడు. నిజంగానే దిగిపోయేది, అది ఇంకా ఒళ్లుమంట. ఎవరినీ పేరు పెట్టి పిలవడు. ఆడవాళ్లందరూ తల్లీ, మగవాళ్లందరూ నాయనా. మాట్లాడేటప్పుడు జేబులోని పెన్ను తీసి, మూత తీయకుండానే గాలిలో గీతలు గీసేవాడు. ఆ పెన్నుతో ఆయన ఒక్క అక్షరం రాయగా నేను చూడలేదు. సంతకం పెట్టాలన్నా అవతలివాళ్ల పెన్నే అడిగేవాడు.

నా ప్రోగ్రాం మొదటిసారి చూపించినప్పుడు తెర దగ్గరికి వంగి చూశాడు.

"ఏంది తల్లీ ఇది, కర్మకాండ కార్డు మాదిరి ఉంది. రంగెయ్."

నల్ల తెరకు రంగులు తెప్పించవచ్చని అప్పటికి నాకూ సరిగా తెలియదు. నేర్చుకున్నాను. అక్షరాల ముందు కంటికి కనపడని ఒక గుర్తు పంపాలి, దాని వెనక ఒక అంకె. 31 పంపితే ఎరుపు, 32 పంపితే ఆకుపచ్చ, 1 పంపితే అక్షరం లావెక్కుతుంది, 4కు కింద గీత వస్తుంది, 5కు మిణుకుమిణుకుమంటుంది. చివర సున్నా పంపి ఆపాలి. మరిచిపోతే ఆ రంగు కింది వరసలన్నిటికీ పాకిపోతుంది. తెర ఆ అంకెల్ని మింగేసి మనకు రంగును మాత్రమే చూపిస్తుంది.

ఇక ఆ రోజు నుంచి నా ఉద్యోగం చీరల బేరమైపోయింది. "ఇది ఇటుక ఎరుపు. నాకు పండుమిరప కావాల." "ఈ పచ్చ పాచి పట్టినట్లుంది, చిలకపచ్చ రాదా?" తెరకు తెలిసినవి ఎనిమిది రంగులే సార్ అంటే, "ఎనిమిది రంగులు పెట్టుకోని యాపారం ఎవరన్నా జేస్తారా?" అని నామీదే విరుచుకుపడ్డాడు. నేను ఎక్కడెక్కడో వెతికి రెండువందల పైచిలుకు రంగులు తెప్పించే దారి పట్టుకున్నాను. ఆయన నా వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ చీరా నచ్చని పెళ్లివారిలా ఒక్కొక్కటీ విప్పించి చూశాడు. ఆయన ఎంచిన రంగుల్ని పాత 31, 32 అంకెలకే అతికించాను. నిజం చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను, చివరికి ఆయన ఎంచిన ఎరుపు గది అవతలి మూల నుంచి చూసినా కళ్లకు తగిలేది. కన్నున్న మనిషే. ఆ కన్ను ఎవరికి పనికొచ్చిందన్నదే అసలు సంగతి.

ఎవరైనా అధికారో, పత్రికాయనో వస్తే తెరను వాళ్ల వైపు తిప్పేవాడు. "చదివేదెవరు సార్ ఈ కాలంలో? అందరూ చూసేటోళ్లే. ఎరుపు జూడండి, పచ్చ జూడండి, అయిపాయె." వాళ్లు తల ఊపి, టీ తాగి, భలే ఉందయ్యా అని వెళ్లిపోయేవాళ్లు. ఎర్రగా మెరుస్తున్న ఆ ఊళ్లలో మనుషులుంటారని ఎవరికీ తట్టేది కాదు.

ఒకరోజు ఉన్నట్టుండి ఆ రెండు మాటలూ తీసేయమన్నాడు.

"తాగరాదు, తాగవచ్చు, ఎందుకు తల్లీ ఇవి? రంగు చెప్తాంది గదా. అందం చెడిపోతాంది."

"రంగు తెర మీదే ఉంటుంది సార్. కాగితం మీదికి రాదు" అన్నాను.

"కాగితం సంగతి కాగితం నాడు జూద్దాం" అన్నాడు. మూత తీయని పెన్నుతో గాలిలోనే ఆ మాటలు కొట్టేసి వెళ్లిపోయాడు. చెప్పినట్టే తీసేశాను.

ఆ కాగితం రోజు నేను సెలవులో ఉండగా వచ్చింది. పల్లెలకు ఫలితాలు పంపాలని పైనుంచి తొందర పెడితే, ఆయనే కూర్చుని ప్రింటు కొట్టాడు. మా ప్రింటరుకు రంగుల గొడవ తెలియదు. తెర మింగేసే అంకెల్ని అది నమ్మకంగా అచ్చేసింది. ప్రతి బోరు ముందూ [31m అనో [32m అనో పడింది. వాటి కింద ల్యాబు ముద్ర కొట్టి ఊరూరికీ పంపేశాడు.

అందులో మా ఊరూ ఉంది. అర్ధవీడు వైపు చిన్న పల్లె మాది. గొర్రెలు, కాస్త మెట్ట సేద్యం. ఎండాకాలం వస్తే సగం ఊరు పనులు వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. రెండే బోర్లు. ఒకటి బడి పక్కన, ఇళ్ల నడుమ. ఇంకొకటి గుట్ట కింద, చాలా దూరం. బడి బోరు ఎరుపు, గుట్ట బోరు పచ్చ. ఆ సంగతి తెరమీద చూసిన రోజే మా వదినకు ఫోన్ చేసి, పాపకు బడి బోరు నీళ్లు పట్టొద్దని చెప్పాను. పాప మా అన్న కూతురు. అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటోంది. వదిన ఆ రోజు నుంచీ బిందె ఎత్తుకుని గుట్ట దగ్గరికి పోయి తెస్తోంది.

నేను ఊరికి వెళ్లేసరికి కాగితం పాలకేంద్రం గోడకు అంటించి ఉంది. బడి బోరు ముందు 31, గుట్ట బోరు ముందు 32. పక్కన ఇంగ్లీషు ఎం అక్షరం. వరస చివరున్న అసలు ఫ్లోరైడు అంకెను ఎవరూ పట్టించుకోలేదు. ఊరంతా కలిసి ముందున్నవి మార్కులని తేల్చేశారు.

"ముప్పైఐదు రాకుంటే రెండూ ఫెయిలే గదా?" అని ఎవరో అన్నారట.

"మనూళ్లో పాసయినోళ్లెవరు, బోరు పాసయ్యేదానికి?" అని ఇంకొకాయన అంటే అందరూ పడీ పడీ నవ్వారట.

మా అన్నకు మాత్రం నవ్వు రాలేదు. "ఒక్క మార్కు తేడా. ఆ ఒక్క మార్కు కోసరం నా పెండ్లాం గుట్ట కాడికి పోయి మోసుకొస్తాంది. ఊళ్లో నాకు తలెత్తుకునే పని లేకుండా పోయింది" అన్నాడు.

"అవి మార్కులు కాదన్నా, రంగులు" అన్నాను.

అక్కడున్న పెద్దాయన ఒకరు కాగితానికి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. "రంగులేడుండయ్ పాపా? అన్నీ నల్లగనే ఉండయ్ గదా?"

నిజమే, అన్నీ నల్లగానే ఉన్నాయి. నేను వివరించాను. తెర, గుర్తు, ప్రింటరు అంటూ ఎంత చెప్పినా మా అన్నకు తలకెక్కలేదు. "కాగితంలో లేంది నువ్వెట్ల చెప్తావ్? ముద్ర ఉండేది దాని మీదనా, నీ నోటి మీదనా?" అన్నాడు. మా అమ్మా నాయనా కూడా కొడుకు వైపే.

వదిన నన్ను బస్సు దాకా సాగనంపింది. పాప ఆమె చంకలో నిద్రపోతోంది. "నువ్వు చెప్పేది నేను నమ్ముతా అమ్మాయ్. ఈళ్లెవరూ నమ్మరు. రోజూ నవ్వుతాండారు, మీ అన్న రోజూ కసురుతాండాడు. తాగొద్దు అని అక్షరాల్లో ఉండే కాగితం ఒకటి తెచ్చియ్. ముద్రేసి. అందరి నోళ్లూ నేను మూయిస్తా. దీనికి పాలపళ్లు రాలిపోయే లోపల తెచ్చియ్, సాలు" అంది.

తిరిగి వెళ్లగానే ప్రోగ్రాం మార్చాను. ఫలితం తెరకు పోతుంటే రంగు వేస్తుంది. కాగితానికి పోతుంటే రంగు మానేసి, దాని బదులు మాట రాస్తుంది. ఆయనకు చూపించాను.

"ఆ అంకెల చెత్త పోయింది, మంచిపని జేసినావ్. ఆ మాట గూడ తీసెయ్."

"మాట తీసేస్తే కాగితంలో ఏముంటుంది సార్?"

"అంకె ఉంటది గదా. రెండు పాయింటు ఎనిమిది. సదువుకున్నోళ్లకు తెలుస్తది."

"చదివేవాళ్లు లేరని మీరే గదా అంటారు."

నవ్వాడు. కోపం రాని మనుషులంటే నాకు ఆ రోజు నుంచే భయం. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, పెన్ను తీశాడు. "ఇను తల్లీ. రంగనేది మన కంటికి తోచింది. రేపెవరన్నా అడిగితే, తెర పాతది, అట్ల కనపడిందిలే అంటాం. మాట అట్ల గాదు. మాట దొరికిపోతది. తాగరాదు అని ముద్రేసి ఇస్తే, మరేం తాగాల అని అడుగుతారు. ట్యాంకరు తోలమంటారు, పైపులెయ్యమంటారు. తోలాల్సినోళ్లు ఈ ల్యాబును బతకనిస్తారా? నీ జీతమేమవుతది, నా కాంట్రాక్టేమవుతది?"

"మా అన్న బిడ్డ తాగాల్సొస్తాది సార్ ఆ నీళ్లు."

"గుట్ట కాడి నుంచి తెచ్చుకోమను. నేను వద్దన్నానా?"

అప్పుడు అర్థమైంది నాకు. రంగు కాగితం మీదికి రాదని నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. రాదు కాబట్టే వేయించాడు. వచ్చినవాళ్ల ముందు తెరమీద నిజం ఎర్రగా మెరవాలి, పల్లెకు పోయే కాగితంలో అది ఉండకూడదు. పండుమిరపో ఇటుకో అని నాచేత చేయించిన ఆ వెట్టి అంతా ఇందుకే. ముద్ర ఆయన సొరుగులో ఉండేది, తాళంచెవి ఆయన మొలతాడుకు. లేకపోతే ఆ పూటే ఊరూరికీ కొట్టి పంపేదాన్ని.

రంగు మన కంటికి తోచింది అన్నాడు కదా, సరే అనుకున్నాను. ఆదివారం బజారులో చిన్న డబ్బా ఎర్ర పెయింటు, బ్రష్షు కొనుక్కుని ఊరికి పోయాను. వదిన డబ్బా పట్టుకుంది. బడి బోరు తలకాయ నుంచి పిడి దాకా ఎర్రగా పూసేశాను. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడిపోయారు. ఏందని అడిగితే, "ఎరుపు. తాగొద్దు" అన్నాను. అంతే. వివరించాల్సిన పని లేకపోయింది. నాలుగు రోజులు ఊళ్లో సగం మంది గుట్ట దగ్గరికే పోయారని వదిన ఫోన్లో చెబుతుంటే, ఆమె గొంతులో అంత ధీమా నేనెప్పుడూ వినలేదు.

కానీ మిగతా సగం ఊరుకోలేదు. దూరం నడవాల్సి వచ్చినందుకు మండిపడి, ఎవరో ల్యాబుకే ఫోన్ చేశారు. ఆయన జీపు వేసుకుని స్వయంగా వచ్చాడు, నన్నూ ఎక్కించుకుని. దిగి, జనం మధ్యలోంచి తెల్ల చొక్కా నలగకుండా నడిచి, బోరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వేలితో పెయింటును రుద్ది చూశాడు. "షేడు బాగుంది" అన్నాడు నావైపు చూసి. ఆ తర్వాత గ్లాసు అడిగాడు.

ఎవరో స్టీలు గ్లాసు తెచ్చారు, ఎవరో బోరు కొట్టారు. గ్లాసు నిండా పట్టి, అందరికీ కనపడేలా పైకెత్తి, గటగటా తాగేశాడు. ఖాళీ గ్లాసును బోర్లించి చూపించాడు.

"తియ్యగా ఉండయ్ నాయనా నీళ్లు. నన్ను జూడండి, నిలబడే ఉండాను గదా?"

జనం చప్పట్లు కొట్టారు. "ఒక్క గ్లాసుతో ఏమీ కాదు! ఏళ్ల తరబడి తాగితేనే అవుతుంది!" అని నేను అరిచాను. నా అరుపు చప్పట్లలో కలిసిపోయింది. "పెద్దాయన తాగినాక గూడ ఏంది నీ లొల్లి, నోరు మూస్కో" అన్నాడు మా అన్న.

ఆయన వదిన దగ్గరికి వచ్చాడు. పాప ఆమె చంకలో ఉంది. పాప బుగ్గ మీద తట్టి, "దీనికి గూడ పట్టు తల్లీ, ఏం గాదు" అన్నాడు. వదిన కదల్లేదు. మా అన్నే ఆ గ్లాసు నింపి పాప నోటికి అందించాడు. పాప రెండు చేతులతో పట్టుకుని తాగింది. వదిన నావైపు చూసిన చూపు గురించి నేను రాయలేను.

ఆ మర్నాడు ఉద్యోగం మానేశాను. వెళుతుంటే, "రంగు ఏడ ఎయ్యాల్నో తెలిస్తేనే కళ తల్లీ" అని దీవిస్తున్నట్టు అన్నాడు. మా అన్న కిరసనాయిలుతో పెయింటు రుద్ది తీసేశాడు. వదిన గుట్ట దగ్గరికి పోవడం మానిపించాడు. ఊరికి పైపులు వచ్చాయి, కొన్నేళ్లకు. పాప నోట్లో అసలు పళ్లు మాత్రం అంతకన్నా ముందే వచ్చేశాయి. పాప ఇప్పుడు మార్కాపురంలో నా దగ్గరే ఉండి చదువుకుంటోంది.

ఆయన తెలివి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఒక్క గ్లాసుతో ఏమీ కాదని ఆయనకు తెలుసు, జనానికి తెలియదు, ఆ సందులోంచి దూరి మా ఊరిని ముంచాడు. ఇన్నేళ్లూ నా లెక్క ఇదే.

సాయంత్రం అక్కతో కలిసి వెళ్లాను. పాప కూడా వస్తానంది. కొత్తచోట ఎప్పటిలాగే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నా వెనకే నిలబడింది. ఆయన గాజుపెట్టెలో తెల్ల చొక్కాతోనే ఉన్నాడు. నేను దండం పెట్టలేదు. ఆయన భార్య మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. భర్త పోయిన ఆడవాళ్లు వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటలే మాకూ చెబుతూ పోయింది.

"ఎట్ల పోయినాడో తల్లీ. ఆరోగ్యమంటే అంత పట్టింపు. నీళ్ల కాడ మరీను. పెండ్లికి పోయినా ఇంటి నీళ్ల సీసా సంకలో ఉండాల్సిందే, బయట చుక్క ముట్టడు. ఎన్నడో ఒక్కసారి, ఏదో పల్లెకు పోయి పదిమందిలో గ్లాసుడు బోరునీళ్లు తాగొచ్చినాడంట. ఇంట్లోకి రాంగనే గొంతులో ఏళ్లు పెట్టుకోని కక్కినాడు. ఉప్పునీళ్లు తాగి మళ్లా కక్కినాడు. విషం తాగినోని మాదిరి ఏందయ్యా ఇది అంటే, నీకు దెల్దులే అన్నాడు. ఆ పొద్దు అన్నం గూడ ముట్టలేదు. ఒళ్లంతా వణుకే."

ఇన్నాళ్లూ ఆయనకు లేని తెలివి అంటగట్టాను. ఒక్క గ్లాసుతో ఏమీ కాదన్నది ఆయనకు తెలియనే తెలియదు. విషమనే అనుకుని తాగాడు. విషమనుకుంటూనే పాపకు పట్టమన్నాడు. ఇంటికొచ్చి తాను కక్కుకున్నాడు. అలాంటి మనిషిని తిట్టడానికి నా దగ్గర మాట లేదు, ఎంత వెతికినా దొరకలేదు.

"ఏ ఊరవ్వా అది?" అంది పాప, చున్నీ చాటునుంచే.

"ఏమో నాయనా, అర్ధవీడు దిక్కు ఏదో అన్నాడు. ఎవతో పిచ్చిది బోరుకు ఎర్రరంగు పూసిందంట, దాని మూలాన ఆయన ఆడికి పోవాల్సొచ్చిందంట."

పాప నావైపు చూసింది. ఆ తర్వాత గాజుపెట్టె వైపు చూసింది. నోటికి అడ్డం పెట్టుకున్న చున్నీ తీసేసింది.

"మా ఊరే అవ్వా" అంది, పళ్లన్నీ కనిపించేలా.